మురుకుల బిళ్ళ

పుదుపేటలో బేరమాడి, మూడువేల రెండొందలకు,
గోనెసంచిలో చుట్టుకొని బస్సులో తెచ్చుకున్న గొట్టం అది.
ఒళ్ళో పెట్టుకొని కూచుంటే పక్కసీటాయన
"ఫిరంగా నాయనా?" అన్నాడు.
అప్పుడు మెచ్చుకోలు అనుకున్నా.

ఏడాదిపాటు కొర్లగుంట నన్ను చెవుల్తోనే గుర్తుపట్టింది.
లీలామహల్ కాడ నేను గేరు మార్చితే
మా వీధి చివర ఇస్త్రీబండి మునెమ్మ
బొగ్గుల మీద నీళ్ళు చల్లేది, తొమ్మిదిన్నర అయిందని.

ఆనక ఒకరోజు, ఎదురింట్లో పరీక్షకు చదివే పిల్ల
కిటికీకి పరుపు అడ్డం నిలబెట్టింది.
ఎవరూ ఏమీ అనలేదు.
పరుపే అనింది.

అప్పట్నించీ వీధి మొగదల్లోనే ఇంజనాపి
తోసుకుంటా పోతా ఉండా, నూట తొంభై కిలోలు.
వెనకాల చెప్పులు చేత పట్టుకొని రెడ్డిరాణి,
డ్యూటీ దిగిన నర్సు, వాచిన పాదాలు.
మాట్లాడితే వీధి లేస్తుందని ఇద్దరమూ నోరెత్తం.
దొంగబండి అనుకొని కుక్కలు మాత్రం మొరుగుతాయి.

కరకంబాడి రోడ్డులో చాంద్ బాషా షెడ్డు.
ఎడమ చెవి ఆయనకు ఎప్పుడో పోయింది.
కుడిచెవి ఇటు తిప్పి "మళ్ళా రేజ్ చెయ్" అన్నాడు.
చేసినా.
"లోపల దూది సచ్చిపోయిండాది అబ్బోడా.
ఉత్త రేకు అరస్తాండాది."

రివెట్లు ఒక్కొక్కటే డ్రిల్లుతో లేపినాడు. మూత ఊడింది.
చిల్లుల గొట్టం చుట్టూ, కాలిన జుట్టు మాదిరి
ముద్దకట్టిన గాజుదూది.
గోకి, డీజిల్‌తో కడిగి, కొత్తది చుట్టి
సన్నతీగతో బిగించినాడు.
మరీ ఒత్తుగా కూడదంట, మరీ వదులుగానూ కూడదంట,
పసిబిడ్డకు గుడ్డ కట్టినట్టు ఉండాలంట.
ఆయనకు ఆరుగురు మనవళ్ళు.
పట్టుకున్నందుకు రెండు దినాలు నా ముంజేతులు దురద.

"నోటికి అడ్డం ఒక బిళ్ళ కావాల. బజార్లో ఆరొందలు.
ఇంట్లో మురుకుల గొట్టం ఉందా?"
ఉంది. స్టీలుది. పాకాల నుంచి మా అత్త పంపింది.
మూడు నక్షత్రాల బిళ్ళ.
"బండికి ఊపిరాడాల గదా" అని దానికి ఇంకో రెండు చిల్లులు పొడిచినాడు.
రెడ్డిరాణికి ఇంకా చెప్పలేదు.

ఆ రాత్రి రుయా గేటు కాడ ఎక్కింది.
కపిలతీర్థం రోడ్డులో మొదట వినపడింది చైను. వదులు.
ఆనక టాపెట్ల టికటిక.
నంబరు ప్లేటుకు ఒక బోల్టు లేదు.
ఏడాదిగా ఒక కేక కింద దాక్కోనున్న చిన్నచిన్న రోగాలు
వరసగా పేర్లు చెప్పుకున్నాయి.

ఆనక, నా కుడిభుజం వెనక, ఒక గొంతు:
"...అందుకే ఆ భాకరాపేట అవ్వ
దుప్పటి నాకొద్దంటే వొద్దనింది,
పద్నాలుగో బెడ్డాయనకే కప్పమనింది.
ఆయన నిద్రపోతా ఉన్నాడనే ఆమె లెక్క."

ఏ అవ్వ? ఏ బెడ్డు?
ఏడాదిగా 'ఆఁ' అంటానే ఉండా.
మలుపొచ్చినా ఆఁ, గుంతొచ్చినా ఆఁ.
రెండుమూడు సార్లు తల కూడా ఊపినట్టుండా.
నా హెల్మెట్టుకు ఆమె ఒక వార్డు వార్డంతా చెప్పేసింది.

అద్దంలో కొండమెట్ల దీపాలు వణుకుతా ఉన్నాయి.
మూడో గేరు. రెండో గేరు.
"ఏమైంది బండికి?"
"ఏంలే. ఆ అవ్వ..."
"మొన్న చెప్పినా గదా."
"మొన్నది కాదు. మొదట్నించీ చెప్పు."

అన్నారావు సర్కిల్ దాకా ఉలకలేదు పలకలేదు.
అంతసేపూ టాపెట్లే మాట్లాడినాయి.

వీధిలోకి ఇంజను ఆపకుండానే తిరిగినా.
ఇస్త్రీబండి మీద బొగ్గులు ఇంకా ఎర్రగానే,
మేము దాటిపోయినట్టు మునెమ్మకు తెలీలేదు.
"అప్పుడు చలికాలం," అనింది రెడ్డిరాణి,
"తెల్లారి నాలుగుకు ఆటోలో ఎత్తుకొచ్చినారు..."

ఇల్లొచ్చేసింది.
"మిగిలింది రేపు. ఆకలైతాంది."

చైను బిగించాల. బోల్టు వెయ్యాల.
దీపావళికి ఇంకా ఇరవై దినాలుంది,
ఆమె మురుకుల గొట్టం వెతికేదానికి.